రంగూన్‌లో నిప్పు లేని చుట్ట

ముప్పై ఏళ్లు శ్రీకాకుళంలో మిక్సీలు, గ్రైండర్లు అమ్మినవాణ్ణి. "ఏది మంచిదండీ?" అని ఎవరడిగినా ఎక్కువ వాట్లున్నదాని మీద చెయ్యి వేసి, "ఒక్కసారి కొంటే మళ్లీ చూసుకోనక్కర్లేదు" అనేవాణ్ణి. ఆ మాట నిజమో కాదో ఏనాడూ ఆలోచించలేదు. ఈ మధ్య రంగూన్‌లో ఒకాయన ఒక యంత్రం మీద అలాగే చెయ్యి వేసి, అదే మాట బర్మా భాషలో అన్నాడు. నేను జేబులోంచి డబ్బు తీశాను. నా తెలివితక్కువతనానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు గానీ, ఉన్నదంతా చెప్పేస్తే మనసు తేలికపడుతుంది.

అసలు తెలివితక్కువతనం రంగూన్‌లో మొదలవలేదు. రోజుకి పదిహేను సిగరెట్లు తాగే నన్ను, మా పారమ్మక్క చేత చుట్ట మాన్పించమని పిలిచారు. నేను సరేనన్నాను. అదీ మొదలు.

పారమ్మక్క మా పెద్దమ్మ కూతురు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. పుట్టిందీ పెరిగిందీ రంగూన్‌లోనే. ఇప్పుడు దాన్ని యాంగోన్ అంటున్నారు గానీ మావైపు పెద్దవాళ్లకి అది ఎప్పటికీ రంగమే. మా అమ్మ చిన్నతనంలోనే ఓడెక్కి ఇటు వచ్చేసింది, పెద్దమ్మ అక్కడే ఉండిపోయింది. అక్క తీర్థయాత్రలకని రెండుసార్లు వచ్చి మా ఇంట్లో నెలేసి రోజులుంది. తను తాగేది అడ్డపొగ. తెలియనివారికి చెప్పాలి: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని, పెదాలు మూసి తాగడం. మా తీరంలో ఆడవాళ్ల పాత అలవాటు. గాలికి ఆరదు, వానకి తడవదు, చంకలో పిల్ల మీద నుసి రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీ. ఇంట్లో అందరికీ సదుపాయమే. కాలేది ఆవిడ అంగిలి ఒక్కటే.

ఆ అంగిలి మీదే తెల్లమచ్చ లేచింది. ఆసుపత్రిలో ముక్క తీసి చూశారు. ఇంకా ముదరలేదనీ, లోపల నిప్పు పెట్టడం ఆపకపోతే ముదరడం ఖాయమనీ, మూడు నెలలకి మళ్లీ రమ్మనీ చెప్పారు. అక్క కొడుకు జో నాకు ఫోన్ చేశాడు.

"మామా, నా మాట ఇనదు. నువ్వొస్తే ఇంటాది. డాక్టర్ అన్నీ స్టాప్ అన్నాడు, అమ్మకి అది కష్టం. వేప్‌కి మార్చుదాం. నువ్వు కూడా మార్చుకో. ఇద్దరూ కలిసి."

ఇద్దరూ కలిసి అన్న మాట నాకు నచ్చింది. ఆ మాటే నన్ను ముంచింది.

మింగళ తౌంగ్‌న్యున్

రైల్వే స్టేషన్‌కి దగ్గరగా ఉన్న పేట. అక్కవాళ్లది మూడో అంతస్తు. కింద మెట్ల పక్కన తన వడల బండి. చుట్టుపక్కల బర్మావాళ్లు ఆవిణ్ణి 'డా పారు' అంటారు. డా అంటే మన 'గారు' లాంటిది, కాకపోతే పేరుకి ముందు వస్తుంది. మగవాళ్లలో పెద్దవాళ్లని 'ఊ' అంటారు. నన్ను మొదటిరోజే 'ఊ సూర్యా' చేసేశారు. యాభై ఆరేళ్లలో 'ఒరే సూర్యా' అన్నవాళ్లున్నారు, 'ఇదిగో సూర్యా' అన్నవాళ్లున్నారు. పేరు పలికే ముందే నా మాటకి ఊ కొట్టినవాళ్లు మాత్రం వీళ్లే.

అక్క వేసే పప్పు వడలు మన వడలే గానీ వాటి బతుకు వేరు. పొద్దున్నే చేపల పులుసులో సేమ్యాలాంటిది వేసి తింటారక్కడ. అందులోకి వడని కత్తెరతో కత్తిరించి వేస్తారు. మా ఇంట్లో కత్తెర వంటగదిలోకి వస్తే మా ఆవిడ పాలప్యాకెట్ దాకా రానిస్తుంది, అంతకు మించి రానివ్వదు. ఇక్కడ కత్తెర లేకపోతే ఫలహారమే లేదు.

"ఎన్నాళ్లుంటావు?" అని అడిగింది అక్క. నోట్లో చుట్ట ఉండగానే మాట్లాడుతుంది. పెదాల మధ్య తోకముక్క మాత్రం కదులుతుంటుంది.

"ఆరు రోజులక్కా."

"ఆరు రోజుల్లో నా నోట్లో నిప్పు ఆర్పేస్తావేటి? ముందు నీ జేబులోది తియ్యి."

తీశాను. ప్యాకెట్‌లో ఇంకా నాలుగున్నాయి. చెవి వెనక సగం కాల్చింది ఒకటుంది. అది కూడా తీయించింది.

"వేప్ అని కొత్తది వచ్చిందక్కా" అన్నాను.

"ఏపా? ఏపపుల్లయితే మీ ఊరొచ్చినప్పుడు నానూ నవిలినాను. పళ్లకి మంచిదే."

"అది కాదమ్మా, ఎలక్ట్రిక్. ఛార్జింగ్ పెట్టాల" అన్నాడు జో.

"కరెంటు సుట్టా!" అక్క నవ్వింది. "కరెంటు ఎక్కడున్నాదిరా ఈ ఊర్లో?"

ఆ మాటా నిజమే. కరెంటు అక్కడ చుట్టంలా వస్తుంది. నాలుగు గంటలుంటుంది, చెప్పకుండా వెళ్లిపోతుంది.

చివరికి అక్క చుట్ట తీసి, ఆర్పి, ఒక రేకు డబ్బాలో పెట్టింది. డబ్బాని బీరువా మీదికి తోసింది.

"ఒక మాట, తమ్ముడూ. నువ్వు మానితే నాను మానతాను. నువ్వు ముట్టుకున్నావంటే నానూ ముట్టుకుంటాను. అమ్మోరి మీద ఒట్టు."

అంత సులువుగా ఒప్పుకుంటుందని అనుకోలేదు. ఆవిడ ఒప్పుకున్నది తన మీద నమ్మకంతో కాదు, నా మీద అపనమ్మకంతో అని అప్పుడు తట్టలేదు.

సంచౌంగ్

మర్నాడు జో నన్ను సంచౌంగ్ తీసుకెళ్లాడు. సందడైన పేట, సందుకో చిన్న బజారు. దుకాణం ముందు వైపంతా ఫోన్ కవర్లు. వాటి వెనక తెర. తెర వెనక మనకు కావలసింది. చట్టం ఏమంటుందో నేనడగలేదు. మన దేశంలో వీటి అమ్మకమే నిషేధం కాబట్టి, తెర ఉండటం నాకు వింతగా అనిపించలేదు.

లోపల ఒక అమ్మాయి ఉంది, మ సూ అని పేరు. చెంపలకి తనకా పూత, అక్కడివాళ్లు గంధంలా అరగదీసి రాసుకునే బెరడు. చేతిలో కాగితం పెట్టుకుని, డాక్టరులా ప్రశ్నలు వేసింది. జో తెలుగు చేసి చెప్పాడు. రోజుకెన్ని? పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిది? పొగ ముందు నోట్లో నింపుకుని తర్వాత లోపలికి పీలుస్తారా, నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగుతారా?

ముప్పై ఏళ్లు తాగాను గానీ ఈ సంగతి ఎప్పుడూ గమనించలేదు. గాలి పీల్చి చూపించాను. ముందు నోట్లోకే అని తేలింది. అయితే బిగుతుగా లాగే చిన్నది చాలు అంది. వేలెడంత యంత్రం. సిగరెట్ మానేవాళ్లకి మొదట అదే పనికొస్తుందట. పొగగా మారే నికోటిన్ లిక్విడ్ పోశాక పది నిమిషాలు ఆగాలి, లోపలి దూది నానాలి అంది. యాభై వేల చ్యాట్లు. మన లెక్కలో వెయ్యి రూపాయలు.

తర్వాత అక్క గురించి అడిగింది. జో చెప్పాడు. మ సూ రాయడం ఆపేసింది. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు. అతనికి బర్మా భాష సరిగా రాదేమో అన్నట్టు నావైపు చూసింది. నేను బల్లమీదున్న కలం తీసుకుని, మూతవైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసి, తోక కదిపి చూపించాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. అదే నాకు నచ్చింది. కాసేపు ఆలోచించి జోతో ఏదో అంది.

"ఏమంటోంది?"

"అమ్మకి ఏదీ సెట్ కాదంటంది మామా. ఆవిడకి పొగ కాదంట గావాల్సింది, ఏడి అంట. లోపల ఏడి ఇచ్చేది ఏదీ నేదు, ఉండకూడదు అంటంది. ఒకవేళ కొంటే ఇదే చిన్నది కొనమంటంది. ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దంటంది."

సరిగ్గా అప్పుడే యజమాని వచ్చాడు. మొత్తం విని, నా చేత కలంతో మరోసారి చేయించి, ఫోటో తీసుకున్నాడు. తర్వాత అద్దాల పెట్టెలోంచి ఇటుకంత యంత్రం తీసి బల్ల మీద పెట్టాడు. పెద్ద బ్యాటరీ, పెద్ద గొట్టం, అంకెలు వెలిగే తెర. వేడి కావాలా, ఇదిగో వేడి. ఇన్ని వాట్లు. దాని మీద చెయ్యి వేశాడు. ఒక్కసారి కొంటే మళ్లీ చూసుకోనక్కర్లేదన్నాడు.

మ సూ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. నేను చూశాను. చూసి కూడా లక్షన్నర చ్యాట్లు లెక్కపెట్టాను. నాకోసం చిన్నది, అక్కకోసం పెద్దది, రెండింటికీ ఒకే సీసా లిక్విడ్.

అక్క ఇంట్లో

సాయంత్రం పెద్దదాన్ని అక్క చేతిలో పెట్టాం. అటూ ఇటూ తిప్పింది.

"నిప్పు ఏ పక్కుంటాది?"

"నిప్పుండదక్కా."

"మరి ఇంత బరువేటికి?"

ముందు నేను పరీక్షించి చూపిస్తానన్నాను. మిక్సీ తిప్పి చూపించిన అలవాటు. ఒక్క దమ్ము లాగానో లేదో, గది ఒకసారి గిర్రున తిరిగింది. రెండో దమ్ముకి నేను తిరిగాను. చిన్న యంత్రానికి పోసే ఘాటు లిక్విడ్ పెద్దదాంట్లో పోయకూడదట. మ సూ చెప్పి ఉండేదే, యజమాని చెప్పనివ్వలేదు. మెట్ల మీద కూర్చుని, తిన్నదంతా కక్కుకుని, గోడకి ఆనుకుని ఉండిపోయాను. అక్క నిమ్మకాయ నీళ్లు తెచ్చింది.

"సుట్ట తాగి ఎవులైనా ఇలగ పడ్డం సూసినావా?" అంది జోతో. "మీ మామని సూడరా. మాన్పించడానికొచ్చినాడు."

వెళ్లి ఆ యజమానితో తగువు పెట్టుకోవాలనిపించింది. కానీ ఆయనన్న మాట నాది. వెళ్తే నాతో నేనే తగువు పెట్టుకోవాలి.

నా చిన్నది అక్కకి ఇచ్చేశాను. దీన్ని త్యాగమనకండి. అది అప్పటికే నన్ను వదిలించుకుంది. అలవాటుకొద్దీ చెవి వెనక పెట్టుకున్నాను, లిక్విడంతా కారి మెడమీదుగా చొక్కాలోకి దిగింది. మామిడిపండు వాసనతో రెండు రోజులు తిరిగాను, ఈగలతో సహా. నాకిక లవంగాలే దిక్కు.

అక్క మాట మీద నిలబడింది. మూడో రోజు, నాలుగో రోజు డబ్బా వైపు చూడలేదు. బండి దగ్గర వడలు వేస్తూ ఆ చిన్న యంత్రాన్ని పెదాల మధ్య పెట్టుకునేది. కానీ యాభై ఏళ్లుగా చుట్ట తిప్పిన చెయ్యి. నోటి దాకా వచ్చేసరికి దానంతటదే తిప్పేసేది. ఛార్జింగ్ పెట్టే కొస నోట్లోకి వెళ్లేది.

"అమ్మా! ఉల్టా, ఉల్టా!" అని జో పరిగెత్తేవాడు.

"తెలస్తాందిరా. నాకు తెలస్తాంది. సేతికి తెలట్లేదు."

ఒకసారి నన్ను పిలిచి నెమ్మదిగా అంది: "ఇది తాగితే తాగినట్టు నేదు, తమ్ముడూ. నోరంతా సల్లగా, ఎవులూ నేని ఇల్లు లాగున్నాది. అయినా పట్టుకునున్నాను. నీ కోసం."

ఇటుకలాంటి పెద్దదాన్ని వడలు చుట్టే కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టింది. దానికిచ్చిన డబ్బుకి అదొక్కటే పని సవ్యంగా చేసింది.

తన్లిన్

ఐదో రోజు జో తను పనిచేసే చోటు చూపిస్తానన్నాడు. బాగో నది వంతెన దాటి బస్సులో వెళ్లాం. తన్లిన్ పాత రేవు ఊరు. లారీలు, క్రేన్లు, గాల్లో నూనె వాసన. అతను డ్యూటీ సంగతి మాట్లాడి వస్తానని గేటులోపలికి వెళ్లాడు. నేను ఎదురుగా టీ దుకాణంలో చిన్న ప్లాస్టిక్ పీట మీద కూర్చున్నాను.

ఇక్కడో ఆచారం చెప్పాలి. మన దగ్గర హోటల్లో అడిగినది తెస్తారు. అక్కడ అడక్కుండానే అన్నీ తెచ్చి బల్ల మీద పెడతారు. సమోసాలు, నూనెలో వేయించిన పొడుగాటి రొట్టెలు, తీపి బన్నులు. ముట్టుకున్నవాటికే డబ్బు. ముట్టనివి పక్క బల్లకి వెళ్లిపోతాయి. టీ రెండువేల చ్యాట్లు, గోరువెచ్చటి ఉత్త తేనీరు ఎంత తాగినా ఉచితం. మనిషి నిగ్రహం మీద ఎంత గౌరవం! ఆ పళ్లేల మధ్యనే ఒక గాజుగ్లాసు పెట్టారు. అందులో సిగరెట్లు, అగరువత్తుల్లా నిలబడి ఉన్నాయి.

నేను సమోసా వైపు చూశాను. చాలాసేపు సమోసా వైపే చూశాను.

పక్క పీట మీద ఒక పెద్దాయన. ఒకప్పుడు అక్కడి రిఫైనరీలో కూలిపని చేశాడట. నా ఫోను మాటలు విని, "ఆంద్రానా?" అన్నాడు.

"అవునండి. శ్రీకాకుళం."

"మా యమ్మది గంజాం. నాకు ఇంటే తెలస్తాది. మాటాడ్డం రాదు" అన్నాడు, చక్కగా మాట్లాడుతూ. తర్వాత గ్లాసులోంచి ఒక సిగరెట్ తీసి నాకు అందించాడు. అక్కడ పెద్దలకిగానీ అతిథికిగానీ ఏదైనా ఇస్తే కుడిచేత్తో ఇస్తారు, ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించి. అలా ఇచ్చాడు. అలాగే వంగి వెలిగించాడు. నా ఊపిరితిత్తులను అంత మర్యాదగా ఎవరూ ఎప్పుడూ తగలబెట్టలేదు.

మొదటిది ఆయన మర్యాద కోసం తాగాను. రెండోది మాత్రం ఎవరి మర్యాద కోసమూ కాదు. గ్లాసులోంచి నేనే తీసుకున్నాను.

జో వచ్చేలోపు రెండు కిళ్లీలు నమిలాను.

ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదయింది. పొద్దున పోయిన కరెంటు ఇంకా రాలేదు. అక్క బండి సర్దేసి మెట్లమీద కూర్చుని ఉంది. నోట్లో ఆ చిన్న యంత్రం. దాని దీపం వెలగడం లేదు.

"ఛార్జింగ్ ఎప్పుడయిపోయిందమ్మా?" అన్నాడు జో.

"పదిగంటలకి."

పొద్దున పది నుంచి ఆ చచ్చిన యంత్రాన్ని పెదాల మధ్య పట్టుకుని కూర్చుంది మనిషి. డబ్బాని బీరువా మీద నుంచి దించలేదు. నేను కాస్త దూరంగా నిలబడ్డాను. అంత దూరం నిలబడటమే తప్పయింది.

"కిల్లీ వాసనొస్తాంది" అంది.

"అవునక్కా, దారిలో..."

"నీకు కిల్లీ అలవాటు నేదు కదా, తమ్ముడూ."

నేను చేతిరుమాలుతో పెదాలు తుడుచుకున్నాను.

"ఒకటా, రెండా?"

"ఒకటే అక్కా."

"ఒకటికి ఒక కిల్లీ సాలు. నీ నోరు రెండు కిల్లీల ఎరుపున్నాది."

యంత్రాన్ని నోట్లోంచి తీసి, చీర కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది. పైకెళ్లింది. స్టూలు జరిపిన చప్పుడు మెట్ల సందులోంచి కింది దాకా వినిపించింది. కిందికి వచ్చి పక్కనే కూర్చుని, చుట్ట వెలిగించి, నిప్పు లోపలికి తిప్పి పెదాలు మూసింది. ఈసారి చెయ్యి తడబడలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"యబాదే మామా" అన్నాడు జో. అక్కడ ప్రతిదానికీ వాళ్లు అనే మాట. పర్లేదు అని అర్థం. ఆ మాట అంటూ అతను నా వైపు చూడలేదు.

ప్రయాణం రోజు

బయల్దేరేటప్పుడు అక్క నాకు ఇరవై వడలు పొట్లం కట్టింది. తర్వాత కొంగు ముడిలోంచి ఒక సిగరెట్ ప్యాకెట్ తీసింది. కొత్తది. కుడిచేత్తో, ఎడమచెయ్యి మోచేతికి ఆనించి, అతిథికి ఇచ్చినట్టు ఇచ్చింది.

"తీస్కో. ఇమానం దిగి బయటికొచ్చీలోపు సింపేస్తావు. నాకు తెల్దేటి నీ సంగతి?"

నవ్వుతూనే అంది. నోట్లో చుట్ట తోక కూడా నవ్వుతూ ఊగింది. చిన్న యంత్రాన్ని మన దేశంలోకి తీసుకురాకూడదు కాబట్టి దాన్ని బండి సొరుగులో వదిలేశాను. చట్టానికి భయపడి నేను వదిలేసిన పొగ అదొక్కటే.

శ్రీకాకుళం

విమానం దిగాను. బయటికి వచ్చాను. చింపలేదు.

ధైర్యమని పొరబడకండి, ఉడుకుమోత్తనం. మొదటి వారం మా ఆవిడతో, రెండో వారం పాలవాడితో, మూడో వారం గోడ గడియారంతో తగువులాడాను. ప్యాకెట్‌ని బియ్యం డబ్బాలో పెట్టాను. "పురుగు పట్టకుండా వేపాకు వేస్తారు గానీ సిగరెట్లు వేస్తారా?" అంది మా ఆవిడ. తను ఇప్పటిదాకా నాతో అన్న మాటల్లో వేప కంటే చేదువి ఉన్నాయి కాబట్టి పట్టించుకోలేదు. రోజూ అన్నానికి బియ్యం తీసేటప్పుడు ఆ ప్యాకెట్ కనిపించేది. రోజూ అక్క మాట వినిపించేది. పొగ మానడానికి పగ ఇంత బాగా పనికొస్తుందని ఏ డాక్టరూ చెప్పలేదు.

అక్కకి ఫోన్లో ఈ సంగతి చెప్పలేదు. చెబితే నమ్మదు. నమ్మించే దారి కోసం చూశాను.

మూడో నెలలో, ఆవిడ మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సిన వారం ముందు, మా వీధి మినుముల వ్యాపారి బేరం కోసం రంగూన్ వెళ్తున్నాడని తెలిసింది. ప్యాకెట్ తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. పైకాగితం చిరగలేదు, సీలు ఊడలేదు, ఒక మూల బియ్యప్పిండి అంటుకుని ఉంది.

"ఇవి అక్కడ దొరకవా?" అన్నాడాయన.

"అక్కడివేనండి. అలా ఇచ్చేయకండి. కుడిచేత్తో ఇవ్వాలి, ఎడమచెయ్యి ఇలా మోచేతికి ఆనించి." రెండుసార్లు చేయించి చూశాను.

నాలుగు రోజుల తర్వాత జో ఫోన్ చేశాడు. వెనక నుంచి అక్క గొంతు వినిపిస్తోంది, ఎవరినో తిడుతోంది.

"మామా, ఏటి పంపినావు నువ్వు? పొద్దున్నించి అమ్మ ఆ ప్యాకెట్ తిప్పి తిప్పి సూస్తంది. సీల్ గీకి సూసింది. ఎండలో పెట్టి సూసింది. 'ఈడు నన్ను సంపడానికే పుట్టినాడు' అంటంది. 'ఈడు మానితే నానూ మానతానని ఒట్టు ఏసినాను కదా' అని ఏడుస్తంది. సుట్టల డబ్బా మళ్లీ బీరువా మీద పడేసింది. వడలన్నీ మాడ్చేసింది. కొన్నోళ్లని తిట్టింది, కొననోళ్లని తిట్టింది. ఇంట్లో ఉండలేకపోతన్నాం. నిజం సెప్పు, ఏటి పంపినావు?"

"సిగరెట్లే కదరా పంపాను" అన్నాను.